ఫ్రోజెన్ ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్: ఫైలు చదవడం నుంచి బీటా రిపోర్ట్ దాకా ఏ రోజు ఏం చేయాలి

"అక్కా, ఎంబ్రియోలు ఫ్రీజ్ చేసి పెట్టారు. వచ్చే నెల ట్రాన్స్‌ఫర్ అంటున్నారు. ఇప్పుడు నేనేం చేయాలి?"

ఈ ప్రశ్న వారానికి ఒకరైనా అడుగుతారు. ఎంబ్రియో అంటే ఐవీఎఫ్‌లో ల్యాబ్‌లో పెంచిన పిండం. దాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాత గర్భసంచిలో పెట్టడమే ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్. కొందరు హిందూపురం, అనంతపురం, మదనపల్లె వైపు నుంచి బెంగళూరు వచ్చి చూపించుకునేవాళ్లు. కొందరు వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో పెద్దదిక్కు లేకుండా ఈ వైద్యం నెట్టుకొస్తున్నవాళ్లు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు. మారతహళ్లిలో ఉంటూ రెండుసార్లు ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నాను. మొదటిది నిలవలేదు. రెండోసారి మా పాప పుట్టింది. మందుల మోతాదు విషయంలో మీ డాక్టర్ మాటే మాట. నేను రాసేదంతా ఆ మాటని సరిగ్గా అర్థం చేసుకుని, సరిగ్గా పాటించడానికే.

ఈ నెలన్నరలో మన చేతిలో ఉండేది చాలా తక్కువ. ఎంబ్రియో ఎలా ఉందన్నది మన చేతిలో లేదు, అది అతుక్కుంటుందా లేదా అన్నదీ లేదు. మన చేతిలో ఉండేవాటిలో పెద్దది ప్రొజెస్టిరాన్ (గర్భసంచి లోపలి పొరని పిండానికి సిద్ధం చేసే హార్మోన్ మందు) మొదలుపెట్టే గంట. బొప్పాయి తినొచ్చా, ఎన్ని రోజులు పడుకోవాలి అని అందరూ అడుగుతారు. ఈ గంట గురించి మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఎగ్ పికప్ (అండాలు బయటికి తీయడం) అప్పటి డిశ్చార్జ్ సమ్మరీ, ఎంబ్రియోలు ఫ్రీజ్ చేసిన కాగితం. ఎన్ని ఉన్నాయి, ఏ రోజువి, గ్రేడ్ ఏమిటి అని అందులో ఉంటుంది.
- ఇద్దరి గుర్తింపు కార్డులు, సంతకాలు పెట్టిన కన్సెంట్ ఫారాల జిరాక్సు.
- థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ రిపోర్టులు. పాతవైతే మళ్లీ చేయిస్తారు.
- ఫోలిక్ యాసిడ్. కనీసం ఒక నెల ముందు నుంచే వేసుకోవాలి.
- ఒక పెద్ద తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను, ఫోన్లో అలారం. కాగితం ఎందుకో 5వ మెట్టులో చెబుతాను.

క్లినిక్ గోడ మీద ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి సంతాన వైద్యాల) చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి. 2021 నాటి ఆ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వైద్యం చేయకూడదు. ఆడవాళ్లకు 21 నుంచి 50, మగవాళ్లకు 21 నుంచి 55 ఏళ్ల వయసు ఉండాలి. ఖర్చు అడిగేటప్పుడు "ట్రాన్స్‌ఫర్ ఎంత?" అని ఊరుకోకండి. మందులు, స్కాన్లు, రక్త పరీక్షలు, ఎంబ్రియో దాచినందుకు ఏడాదికి కట్టేది, ఇలా దేనికది విడిగా రాయించుకోండి.

1. ఫ్రీజింగ్ కాగితం చదవడం నేర్చుకోండి

"డే 5, 4ఏబీ" అని ఉంటే, అది అయిదు రోజులు పెరిగిన పిండం, అంటే బ్లాస్టోసిస్ట్. మొదటి అంకె అది ఎంత విచ్చుకుందో చెబుతుంది (1 నుంచి 6 దాకా). మొదటి అక్షరం బిడ్డగా మారే కణాల గుంపుకి, రెండో అక్షరం మాయగా మారే బయటి పొరకి ఇచ్చే మార్కు. ఏ కంటే బీ, బీ కంటే సీ తక్కువ. 4బీబీ అని చూసి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. ఏడవనక్కర్లేదు, బీబీ నుంచి పుట్టిన పిల్లలు బోలెడంతమంది. గ్రేడ్ కంటి చూపుతో వేసే అంచనా మాత్రమే.

ఫ్రీజ్ చేస్తే పాడైపోదా అని అత్తగార్లు అడుగుతారు. మన దేశపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ, 1978 అక్టోబర్ 3న కలకత్తాలో పుట్టిన దుర్గ, 53 రోజులు ఫ్రీజ్ చేసిన పిండం నుంచే పుట్టిందని ఆ పని చేసిన డాక్టర్ సుభాష్ ముఖర్జీ చెప్పారు. అప్పట్లో ఆయన మాట ప్రభుత్వమే నమ్మలేదు. ఇప్పుడు వాడే పద్ధతిలో పిండాన్ని క్షణాల్లో గడ్డకట్టించి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంచుతారు. మంచు స్ఫటికాలు ఏర్పడే సమయమే ఉండదు కాబట్టి, తిరిగి మామూలు వేడికి తెచ్చినప్పుడు 10లో 9కి పైగా బతికే ఉంటాయి.

డాక్టర్‌ని అడగండి: ఒక్కటే పెడతారా, రెండా? మంచి బ్లాస్టోసిస్ట్ అయితే ఒక్కటే పెట్టడం క్షేమం. "రెండు పెడితే ఒకటైనా నిలుస్తుంది" అనే మాట వినడానికి బాగుంటుంది కానీ, కవలలంటే నెలలు నిండకముందే కాన్పు, తల్లికి బీపీ, పిల్లలు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉండటం, ఇవన్నీ పెరుగుతాయి.

2. మీది ఏ రకం సైకిల్ అని అడిగి రాసుకోండి

రెండు దారులు. నెలనెలా సరిగ్గా పీరియడ్ వచ్చేవాళ్లకి సొంత అండం విడుదలని చూసుకుంటూ చేసేది న్యాచురల్ సైకిల్. ఈస్ట్రోజన్ హార్మోన్ టాబ్లెట్లతో గర్భసంచి లోపలి పొరని (లైనింగ్‌ని) పెంచి చేసేది హెచ్‌ఆర్‌టీ సైకిల్. పీసీఓడీ ఉన్నవాళ్లకి, తారీఖు ముందే తెలియాలి అనుకునేవాళ్లకి ఎక్కువగా రెండోది చేస్తారు. ఊరి నుంచి రైల్లో వచ్చి వెళ్లేవాళ్లకీ అదే వీలు, ఎందుకంటే న్యాచురల్‌లో రోజు మార్చి రోజు స్కాన్‌కి రావలసి రావచ్చు.

వీలుని బట్టి మాత్రమే ఎంచుకోకండి. హెచ్‌ఆర్‌టీ సైకిల్‌లో గర్భం వచ్చినవాళ్లకి తర్వాత బీపీ పెరిగే అవకాశం కొంత ఎక్కువని తేలింది. పీరియడ్స్ సరిగ్గా ఉంటే "నాకు న్యాచురల్ కుదరదా?" అని ఒక్కసారి అడగండి. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, లివర్ జబ్బు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉంటే ఈస్ట్రోజన్ మొదలుపెట్టకముందే చెప్పాలి.

ఇక్కడి నుంచి రాసేది హెచ్‌ఆర్‌టీ గురించి. న్యాచురల్ అయితే గడియారం అండం విడుదలతో మొదలవుతుంది, మిగతాదంతా దాదాపు ఇంతే.

3. మొదటి రోజు ఏదో సరిగ్గా లెక్కించండి

చుక్కలు కనిపించిన రోజు మొదటి రోజు కాదు. ప్యాడ్ పెట్టుకోక తప్పనంతగా ఎర్రగా పారిన రోజు మొదటి రోజు. సాయంత్రం పొద్దుపోయాక మొదలైతే ఆ రోజు లెక్కలోకి వస్తుందో రాదో క్లినిక్‌కి ఫోన్ చేసి అడగండి. రెండో రోజో మూడో రోజో స్కాన్ చేస్తారు, లోపల సిస్టు లేదని చూసి టాబ్లెట్లు మొదలుపెడతారు.

4. ఈస్ట్రోజన్ టాబ్లెట్లు, లైనింగ్ స్కాన్

ప్రోజినోవా 2 మి.గ్రా. రోజుకు మూడుసార్లు ఇవ్వడం మామూలు. కొందరికి మోతాదు మారుతుంది. 10 నుంచి 14 రోజుల తర్వాత స్కాన్. ఆ స్కాన్ రిపోర్టులో రెండు చూడండి: పొర మందం 7 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఉందా, పొర మూడు గీతలుగా కనిపిస్తోందా. ఆ రోజే రక్తంలో ప్రొజెస్టిరాన్ కూడా చూస్తే మంచిది. అది 1.5 నానోగ్రాముల కంటే తక్కువ ఉండాలి. ఎక్కువ ఉందంటే మందుల్ని దాటి అండం తనంతట తానే విడుదలై ఉండొచ్చు, గడియారం మనకు తెలియకుండానే మొదలైపోయినట్టు.

పొర 6 దగ్గర ఆగిపోతే కంగారుపడకండి. ఇంకొన్ని రోజులు పొడిగిస్తారు, మందు మారుస్తారు, లేదా ఈ నెల వద్దంటారు. ఎంబ్రియో ఫ్రీజర్‌లో ఉంది, వచ్చే నెలకైనా అలాగే ఉంటుంది. సెలవు పెట్టేశాం, అత్తగారు ఊరి నుంచి వచ్చేశారు అని డాక్టర్‌ని తొందరపెట్టవద్దు.

5. ప్రొజెస్టిరాన్ గడియారం

లోపలి పొర పిండాన్ని రానిచ్చేది కొద్ది రోజులే. ఆ తలుపు తెరిచేది ప్రొజెస్టిరాన్. అయిదు రోజుల పిండాన్ని పెట్టేటప్పటికి పొర కూడా అయిదు నిండు రోజులు ప్రొజెస్టిరాన్‌లో ఉండాలి. మూడు రోజుల పిండమైతే మూడు నిండు రోజులు.

లెక్క ఇలా వేయండి. సోమవారం పొద్దున 11కి మొదటి డోసు వేసుకుంటే, మంగళవారం 11కి ఒక రోజు నిండింది. అలా శనివారం 11కి అయిదు రోజులు, అంటే 120 గంటలు. ట్రాన్స్‌ఫర్ శనివారం. చాలామంది సోమవారాన్నే "ఒకటి" అని లెక్కపెట్టి, శుక్రవారం కదా అనుకుంటారు. సోమవారం సున్నా. మీ క్లినిక్ ఒకటో రెండో గంటలు అటూ ఇటూ చెప్పొచ్చు, ఫరవాలేదు. రోజు మారిపోతేనే చిక్కు.

నాకు జరిగింది చెబుతాను. మొదటి సైకిల్‌లో నర్స్ ఫోన్ చేసి, వచ్చీరాని తెలుగులో "శనివారం రాత్రి 12కి ఫస్ట్ సస్టెన్" అంది. సస్టెన్ అంటే ప్రొజెస్టిరాన్ టాబ్లెట్. నేను సరే అన్నాను. శనివారం రాత్రి భోజనం చేసి, అలారం పెట్టుకుని, 12 కొట్టగానే టాబ్లెట్ పెట్టుకుని పడుకున్నాను. వాళ్లు అనుకున్నది శుక్రవారం అర్ధరాత్రి, అంటే శనివారం మొదలయ్యే 12. నేను చేసింది ఆదివారం మొదలయ్యే 12. ఇరవైనాలుగు గంటల తేడా. బుధవారం ఫోన్లో "ఎన్ని డోసులు అయ్యాయి?" అని అడిగితే నేను చెప్పిన లెక్కకీ వాళ్ల లెక్కకీ పొంతన కుదరలేదు. అప్పుడు బయటపడింది. ఇంకా ఎంబ్రియోని ఫ్రీజర్ నుంచి బయటికి తీయలేదు కాబట్టి ట్రాన్స్‌ఫర్‌ని ఒక రోజు జరిపారు. ఆ సైకిల్ ఫలించలేదు. ఆ పొరపాటు వల్లే అని ఏ డాక్టరూ అనలేదు, నేనూ అనను. కానీ బుధవారం ఎవరూ అడగకపోయి ఉంటే అని ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

అందుకని మీరు ఈ నాలుగూ చేయండి:

అ) "రాత్రి 12" అనే మాట ఎవరు అన్నా ఒప్పుకోకండి. తారీఖు, వారం, 24 గంటల లెక్కలో సమయం వాట్సాప్‌లో రాసి పంపమనండి.

ఆ) మీకు అర్థమైంది తిరిగి టైపు చేసి పంపండి: "మొదటి డోసు సోమవారం, 14వ తారీఖు, పొద్దున 11:00. ట్రాన్స్‌ఫర్ శనివారం, 19వ తారీఖు. కరెక్టేనా?" కరెక్ట్ అని జవాబు వచ్చేదాకా వదలొద్దు.

ఇ) ఆ తెల్ల కాగితం మీద రోజుకొక గడి గీసి, డోసు పడగానే టిక్ పెట్టండి. మేము ఫ్రిజ్ తలుపుకి అంటించాం. టిక్ పెట్టే పని మా ఆయనది. రెండో సైకిల్‌లో ఒకరోజు ఆఫీసు కాల్‌లో పడి నేను మర్చిపోతే గుర్తుచేసింది ఆ ఖాళీ గడే.

ఈ) మొదటి డోసు వేసుకున్న మరుసటి రోజు క్లినిక్‌కి ఫోన్ చేసి, ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పండి. తప్పు జరిగి ఉంటే ఎంబ్రియో బయటికి రాకముందే తెలియాలి. ఒకసారి బయటికి తీశాక మళ్లీ వెనక్కి పెట్టడం మంచిది కాదు.

డోసు మర్చిపోతే రెండూ కలిపి వేసుకోకండి. గుర్తొచ్చిన వెంటనే ఫోన్ చేసి అడగండి.

కింద (యోనిలో) పెట్టుకునే టాబ్లెట్ అయితే చేతులు కడుక్కుని, పెట్టుకున్నాక 20, 30 నిమిషాలు పడుకోండి. తర్వాత తెల్లగా పిండి పిండిగా బయటికి వస్తుంది. మందు పోయిందని ఇంకొకటి పెట్టుకోవద్దు, లోపలికి వెళ్లాల్సింది వెళ్లిపోయింది. నూనె ఇంజెక్షన్ అయితే ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు వేయించుకుని, గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టండి. వేరుశనగ, నువ్వుల ఎలర్జీ ఉంటే ముందే చెప్పండి, కొన్ని ఇంజెక్షన్లు ఆ నూనెల్లో చేస్తారు. ఆదివారం, పండగ రోజు ఇంజెక్షన్ ఎవరు వేస్తారో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఉగాది రోజు మారతహళ్లిలో తెరిచి ఉన్న క్లినిక్ కోసం స్కూటర్ మీద మూడు వీధులు తిరిగాం మేము.

ట్రాన్స్‌ఫర్ దగ్గరికి రక్తంలో ప్రొజెస్టిరాన్ చూడమని అడగొచ్చు. చాలాచోట్ల 10 నానోగ్రాముల చుట్టూ ఉండాలని చూస్తారు, తగ్గితే ఇంజెక్షనో ఇంకో టాబ్లెటో కలుపుతారు.

6. ట్రాన్స్‌ఫర్ రోజు

పొద్దునే ఫోన్ వస్తుంది: ఎంబ్రియో ఫ్రీజింగ్ నుంచి బాగా బయటికి వచ్చింది అని. అప్పుడది ముడుచుకుని ఉంటుంది, రెండు మూడు గంటల్లో తిరిగి విచ్చుకుంటుంది. ఫోటో అడిగితే ఇస్తారు.

సెంటు, డియోడరెంట్, ఘాటైన తల నూనె వద్దు. ల్యాబ్‌లోకి ఆ వాసనలు పోకూడదు.

మూత్రాశయం నిండి ఉండాలంటారు, పొట్ట మీద స్కాన్‌లో గర్భసంచి స్పష్టంగా కనిపించడానికి. ఇక్కడ బెంగళూరు వాళ్లు చేసే తప్పు, ఇంట్లోనే లీటరు నీళ్లు తాగి బయల్దేరడం. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ముప్పావు గంట ఆగిపోతే ఆ నరకం చెప్పలేం. క్లినిక్‌కి చేరుకున్నాక, మీ సమయానికి గంట ముందు తాగండి. మరీ ఎక్కువైతే కొంచెం పోసి రమ్మంటారు, అదీ కుదురుతుంది.

లోపలికి వెళ్లాక మీ పేరు, ఆయన పేరు, పుట్టిన తేదీ అడుగుతారు. అడగకపోతే మీరే చెప్పండి, డిష్ మీద పేరు చూపించమనండి. సిగ్గుపడాల్సిన పని కాదు. మత్తు సాధారణంగా అక్కర్లేదు. సన్నని మెత్తని గొట్టంతో పది, పదిహేను నిమిషాల పని. స్కాన్ తెర మీద ఒక చిన్న తెల్లని మెరుపు కదిలినట్టు కనిపిస్తుంది. అది పిండం కాదు, దానితో పాటు వెళ్లే ద్రవం, గాలి బుడగ. నాకైతే ఆ మెరుపు ఇప్పటికీ కళ్లలోనే ఉంది. చివర్లో ఎంబ్రియాలజిస్ట్ గొట్టాన్ని మైక్రోస్కోప్ కింద చూసి, లోపల ఏమీ మిగల్లేదని చెబుతారు. ఆ మాట చెవిన పడేదాకా లేవకండి.

వెంటనే బాత్రూమ్‌కి వెళ్లొచ్చు. యూరిన్ దారి వేరు, గర్భసంచి వేరు. పిండం జారిపోదు. గర్భసంచి లోపల ఖాళీ గది ఉండదు, రెండు గోడలూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఓళిగలో పూర్ణం మధ్య చిక్కుకున్న గసగసాల గింజని ఊహించుకోండి. పిండం ఆ గింజకంటే కూడా చిన్నది. రోడ్డు గుంతలకి, స్పీడ్ బ్రేకర్లకి, దగ్గుకి, తుమ్ముకి అది ఊడిపడదు.

7. ఆ తర్వాతి రెండు వారాలు

మంచం దిగకుండా పడుకోవడం వల్ల లాభం లేదు. కాలు కింద పెట్టొద్దనే పెద్దవాళ్లది ప్రేమే, కానీ కదలకుండా ఉంటే మలబద్ధకం, నడుంనొప్పి, దిగులు, ఈ మూడే మిగులుతాయి. నడవండి, వంట చేసుకోండి, ఆఫీసుకి వెళ్లండి. బిందెలు, గ్యాస్ సిలిండర్లు ఎత్తొద్దు, జిమ్ వద్దు. హిందూపురం దాకా రైల్లో కూర్చుని వెళ్లడానికి డాక్టర్లు సాధారణంగా అడ్డు చెప్పరు, అడిగి వెళ్లండి.

రొమ్ముల నొప్పి, పొత్తికడుపు లాగడం, నిద్రమత్తు, వికారం ప్రొజెస్టిరాన్ వల్ల కూడా వస్తాయి. వాటిని బట్టి నిలిచిందనీ అనుకోవద్దు, ఏ లక్షణమూ లేదని పోయిందనీ అనుకోవద్దు. నాకు నిలవని నెలలో వాంతులయ్యాయి, పాప కడుపులో పడ్డ నెలలో ఏమీ తెలియలేదు.

చుక్కలు కనిపించినా మందులు ఆపకండి. ఎక్కువమంది చేసే పెద్ద తప్పు ఇదే. రక్తం కనిపించగానే "పోయింది" అనుకుని టాబ్లెట్లు పారేస్తారు. రక్త పరీక్ష వచ్చి, డాక్టర్ ఆపమనేదాకా ఒక్క డోసూ వదలొద్దు.

వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సినవి: ప్యాడ్లు తడిసిపోయేంత రక్తం, ఒకవైపు భరించలేని కడుపునొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఒక కాలు వాచి నొప్పెట్టడం, ఊపిరి అందకపోవడం, ఛాతీ నొప్పి.

8. బీటా హెచ్‌సీజీ, లెక్క సరిచూసుకోవడం

ట్రాన్స్‌ఫర్ తర్వాత 9 నుంచి 14 రోజుల మధ్య క్లినిక్ చెప్పిన రోజున బీటా హెచ్‌సీజీ (గర్భం నిలిస్తే రక్తంలో కనిపించే హార్మోన్) పరీక్ష. ఇంట్లో కిట్‌తో ముందే చూసుకోకండి. న్యాచురల్ సైకిల్‌లో హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే గర్భం లేకపోయినా గీత రావచ్చు. మరీ తొందరగా చూస్తే గర్భం ఉన్నా రాదు. రెండు విధాలా టెన్షనే.

5 లోపు ఉంటే లేనట్టు. 25 దాటితే ఉన్నట్టు. మధ్యలో ఉంటే మళ్లీ చూడాలి. ఒక్క అంకె కంటే 48 గంటల తర్వాత అది ఎంత పెరిగిందన్నది ముఖ్యం. మొదట్లో రెండు, మూడు రోజులకోసారి రెట్టింపు కావడం మామూలు. రెండు పరీక్షలూ ఒకే ల్యాబ్‌లో చేయించండి. పక్కింటామెకి 400, నాకు 120 అని పోల్చుకోవద్దు.

వారాల లెక్క: అయిదు రోజుల పిండం పెట్టిన రోజునే మీకు 2 వారాల 5 రోజులు. జనవరి 1న పెడితే జనవరి 10కి 4 వారాలు, 24కి 6 వారాలు. పెట్టిన రోజుకి 261 రోజులు కలిపితే సెప్టెంబర్ 19, అదే డెలివరీ తేదీ. బయటి స్కానింగ్ సెంటర్‌లో పీరియడ్ తారీఖు అడిగితే ట్రాన్స్‌ఫర్ తారీఖు కూడా చెప్పండి, లేకపోతే వారాలు తప్పుతాయి.

6, 7 వారాల స్కాన్ మానొద్దు. గర్భం గర్భసంచిలోనే ఉందని తేల్చేది అదే. ట్రాన్స్‌ఫర్ చేసినా ట్యూబులో నిలిచే ప్రమాదం కొంత ఉంటుంది. హెచ్‌ఆర్‌టీ సైకిల్ అయితే 10, 12 వారాల దాకా మందులు నడుస్తాయి.

నెగెటివ్ వస్తే, మందులు ఆపాక కొద్ది రోజుల్లో పీరియడ్ వస్తుంది. మీరేదో తప్పు చేశారని కాదు. మంచి పిండాలు కూడా అన్నీ నిలవవు. ఏడవాలనిపిస్తే ఏడవండి. తర్వాతి అపాయింట్‌మెంట్‌కి ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లండి: లైనింగ్ ఎంత ఉంది, ప్రొజెస్టిరాన్ ఎంత వచ్చింది, బయటికి తీశాక ఎంబ్రియో ఎలా ఉంది, గొట్టం సులువుగా వెళ్లిందా. అప్పుడే అదనపు పరీక్షలు చెబుతారు. గర్భసంచి పొరని గీకడం వల్ల లాభం లేదని 2019లో, ఈఆర్‌ఏ పరీక్ష (పొర ఏ రోజున సిద్ధంగా ఉంటుందో చూసేది) చేసి ట్రాన్స్‌ఫర్ సమయం మార్చినా పుట్టే పిల్లల సంఖ్య పెరగలేదని 2022లో పెద్ద పరిశోధనలు తేల్చాయి. అప్పు చేసి వాటికి డబ్బు కట్టేముందు "ఇది నాకెందుకు?" అని అడగండి.

9. మిగిలిన ఎంబ్రియోలు

చట్టం ప్రకారం పదేళ్ల దాకా దాచవచ్చు. క్లినిక్‌కి ఏడాదికోసారి రెన్యూవల్ కట్టాలి. బెంగళూరులో ఇళ్లు మారతాం, ఫోన్ నంబర్లు మారతాయి, ఒక్కోసారి ఊరే మారిపోతాం. క్లినిక్‌లో ఉన్న నంబర్ ఇంకా మీదేనా, రెన్యూవల్ నెల ఏది అని ఇవాళే చూసుకోండి. నంబర్ మారి ఉంటే ఇద్దరి సంతకాలతో రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.